మాడు దిగిన రోజు

నేను చెప్పినదాంట్లో సగం కొట్టేసి వినాలని మా ఊళ్ళో చిన్నపిల్లలకి కూడా తెలుసు. తుఫానుకి మా పెరట్లో కొబ్బరిచెట్టు వేళ్ళతో సహా లేచి, పైన గెల కోస్తున్న మనిషితోపాటు ఎగిరిపోయి కోటబొమ్మాళి సంతలో దిగిందనీ, ఆయన అక్కడే కాయలమ్ముకుని తాపీగా బస్సెక్కి వచ్చేశాడనీ చెప్పినదాన్ని నేనే. ఆదివారం బడిలో పిల్లలకి యోనా కథ చెబుతూ, చేప కడుపులో ఆయనకి ఊసుపోక ఎండురొయ్యల పులుసు కాచుకున్నాడని ఓ ముక్క కలిపితే పాస్టరుగారు పిలిచి మందలించారు. పలాసలో నేను పనిచేసే జీడిపప్పు కార్ఖానాలో నా పక్క పీట కోసం ఆడవాళ్ళు తగువులాడుకుంటారు. పిక్కలు కొడుతుంటే చేతులు నల్లబడతాయి గానీ నా పక్కన కూర్చుంటే పొద్దు తెలీదట.

ఇప్పుడు రాసేదాంట్లో మాత్రం కలిపిందేమీ లేదు. మొన్న టెక్కలి అవతలి ఊరినుంచి ఒకావిడ, మా సంఘంలో ఎవరో నంబరిస్తే, ఫోను చేసింది. వాళ్ళ కోడలి కడుపులో బిడ్డకి తలలో నీరు చేరిందని స్కానింగులో చెప్పారట. "అక్కా, ఇప్పట్నించే కోడలికి నీల్లు తగ్గించేత్తే మంచిదేనా?" అని అడిగింది. ఆవిడకి చెప్పాల్సింది చెప్పాను. మిగతావాళ్ళకి చెప్పడానికి ఈ కాగితం పట్టుకున్నాను.

మార్చి

ఎస్తేరు నాకు ఒక్కతే కూతురు. అల్లుడు ప్రకాశం కాశీబుగ్గలో ఆటో నడుపుతాడు. తొలి కాన్పుకి పిల్లని నందిగాం దగ్గర మా ఊరికి తెచ్చుకున్నాను. నెలలు నిండే ముందు తీసిన స్కానింగులో బిడ్డ తల ఉండాల్సినదానికన్నా పెద్దదిగా ఉందన్నారు. టెక్కలి ఆసుపత్రిలో ఆపరేషను చేసి బిడ్డని తీశారు.

మగపిల్లాడు. సామేలని పేరు పెట్టాం. తల నిజంగానే పెద్దది. మాడు మీద చర్మం డప్పుకి బిగించిన తోలులా సాగి మెరుస్తోంది, నీలం నరాలు కనబడుతున్నాయి. నన్ను ముందు భయపెట్టింది మాత్రం తల కాదు, వాడి చేతులు. రెండు బొటనవేళ్ళూ అరచేతుల్లోకి ముడుచుకుపోయి ఉన్నాయి. మెల్లగా విప్పితే విప్పుకుంటున్నాయి, వదిలితే మళ్ళీ లోపలికి పోతున్నాయి.

"జీడిపిక్క దాసుకున్నాడే ఈడు. అమ్మమ్మ కార్ఖానాలో పని సేత్తాదని తెలుసు. ఇవ్వనంటన్నాడు" అన్నాను, ఎస్తేరుని నవ్విద్దామని.

ఎస్తేరు నవ్వింది. నర్సూ నవ్వింది. పక్కనున్న డాక్టరు నవ్వలేదు. ఆయన వాడి బొటనవేలు విప్పి చూశారు, తల కొలిచారు, కాళ్ళు వంచి చూశారు. "విశాఖ తీసుకెళ్ళండమ్మా. ఆలస్యం చెయ్యకండి" అన్నారు.

ఆ రోజు సాయంత్రం కార్ఖానా నుంచి చూడ్డానికొచ్చిన ఆడవాళ్ళకి ఏదో ఒక కథ చెప్పాలని నోరు తెరిచాను. ఏదీ రాలేదు.

ఏప్రిల్

విశాఖలో చిన్నపిల్లల ఆసుపత్రి వరండా ఒకటి ఉంటుంది. అది చూడని వాళ్ళు అదృష్టవంతులు. ఉడికిపోయే ఎండలో కూడా అక్కడ తల్లులందరూ పిల్లల తలలకి తువ్వాళ్ళు కప్పి కూర్చుంటారు. ఎందుకు కప్పారో ఎవరూ ఎవరినీ అడగరు. పేరు పిలిచినప్పుడల్లా అందరం ఒక్కసారే లేస్తాం, మనది కాదని తెలిసి ఒక్కొక్కళ్ళం కూర్చుంటాం. ఇచ్ఛాపురం వైపు నుంచి వచ్చిన ఒక అమ్మాయి నా పక్కన బిడ్డని పట్టుకుని వణికిపోతూ ఉంటే కొబ్బరిచెట్టు కథ చెప్పాను. పడీపడీ నవ్వింది. నవ్వు ఎక్కడ ఆగి ఏడుపు ఎక్కడ మొదలైందో నాకు తెలియలేదు. ఆ తర్వాత ఆ వరండాలో నేనింక కథలు చెప్పలేదు.

సర్జన్‌గారు ఫిల్ము దీపానికి పెట్టి చూపించారు. తలలో నీరు చేరింది, దాన్ని కడుపులోకి దింపడానికి చర్మం కింద సన్నటి గొట్టం వెయ్యాలన్నారు. కానీ సామేలుకి ఛాతీలో నెమ్ము ఉంది. అది తగ్గితేగానీ మత్తు ఇవ్వలేం, మందులు వాడి మళ్ళీ తీసుకురండి, ఈలోగా పాలు బాగా పట్టండి అన్నారు. ఆయన చెప్పవలసినవన్నీ చెప్పారు. మేం మాత్రం "తలలో నీరు చేరింది" అన్న దగ్గరే ఆగిపోయాం. మిగతా మాటలు ఎవరి చెవికీ ఎక్కలేదు.

ఇంటికొచ్చేసరికి అరుగు మీద సంచీతో మా వియ్యపురాలు దానమ్మ వదిన కూర్చుని ఉంది. ఆవిడది ఉద్దానంలో సముద్రపు హోరు వినబడే ఊరు.

"నువ్వు కార్ఖానా మానేత్తే రేపు గుంటడి మందులకి ఎలాగ వదినా? నాను సూసుకుంటాను. నువ్వెల్లు" అంది.

దానమ్మ వదిన గురించి చెప్పకపోతే ఈ కథ అర్థం కాదు. ఉద్దానంలో సగం ఇళ్ళలాగే ఆవిడ ఇంట్లోకీ కిడ్నీ జబ్బు వచ్చింది. మా అన్నయ్యగారికి, అంటే ఆవిడ భర్తకి, ఏళ్ళ తరబడి పలాసలో డయాలసిస్ చేయించింది. ఆయన నీళ్ళు ఎక్కువ తాగితే కాళ్ళు ఉబ్బేవి, ఆయాసం వచ్చేది. ఈవిడ చిన్న స్టీలు గ్లాసుతో కొలిచి పోసేది. గ్లాసు ఖాళీ అయితే రోజంతా ఇంక లేదు. గొంతెండిపోతోందని ఆయన బతిమాలినా తడిగుడ్డతో పెదాలు అద్దేది గానీ చుక్క పోసేది కాదు. కొబ్బరితోట మధ్యన మంచం వేసుకుని కొబ్బరినీళ్ళు తాగకూడని మనిషి ఆయన. చెట్టుకి కాయలు కనబడకూడదని మంచాన్ని ఆవిడ గోడవైపు తిప్పేసింది. ఆవిడ అలా రాక్షసిలా కాపలా కాసింది గనకే ఆయన అన్నాళ్ళు బతికాడని పలాసలో డాక్టర్లే అన్నారు. చుట్టుపక్కల ఊళ్ళనుంచి కూడా జబ్బుమనుషుల భార్యలు వచ్చి, ఎలా కొలవాలో ఆవిడ దగ్గర నేర్చుకుని వెళ్ళేవారు.

అంటే మా ఇంట్లో నీరు పట్టిన జబ్బు గురించి తెలిసిన మనిషి ఆవిడొక్కతే.

నేను పొద్దున్నే బస్సెక్కి కార్ఖానాకి పోయి, చీకటిపడే వేళకి వచ్చేదాన్ని. ఎస్తేరుకి కుట్లు చీము పట్టాయి, మంచం దిగలేకపోయేది. సామేలు సరిగ్గా రొమ్ము పట్టేవాడు కాదు, పాలు పిండి ఉగ్గుగిన్నెతో పోయాల్సి వచ్చేది. ఆ గిన్నె దానమ్మ వదిన చేతిలో ఉండేది. అందులో సగం పోసి సగం ఆపేసేది. బాలింతకి నీళ్ళు ఎక్కువ ఇవ్వకూడదని మావైపు ఎలాగూ ఉన్నదే కాబట్టి ఎస్తేరుకీ తగ్గించింది. దొంగచాటుగా ఏమీ చేయలేదు. నాకూ చెప్పింది.

"నీరు పట్టినోల్లకి ముందు నోరు కట్టాల వదినా. మీ అన్నయ్యకి అలగే కట్టినాను."

"నెలల గుంటడు గదా వదినా, ఆకలికి ఏడవడా?" అన్నాను.

"ఏడుత్తాడు. మీ అన్నయ్య ఏడవనేదేటి? ఆ ఏడుపు ఇనుకుంటే మనిసి దక్కడు."

ఎస్తేరు కూడా, "మావయ్యని అన్నేళ్ళు కాసినాది గదమ్మా. అత్తకి తెలీదా?" అంది. నేను ఊరుకున్నాను. ఇల్లంతా ఆ పసివాడి ఏడుపు వింటూ పళ్ళు బిగబట్టుకుని కూర్చున్నాం. ప్రేమ లేక కాదు. ప్రేమ అంటే అలాగే ఉంటుందని ఉద్దానం మాకు నేర్పింది.

శనివారం నేను గుమ్మంలో అడుగు పెట్టేసరికి వదిన కేక వేసింది.

"వదినా, బేగి రా! సంటోడి మాడు సూడు!"

వెళ్ళి చూశాను. డప్పులా బిగుసుకుని ఉండే మాడు దిగింది. వేలు పెడితే మెత్తగా, మూకుడులా లోపలికి ఉంది. మెరుపు పోయింది. ఏడుపు కూడా తగ్గిందన్నారు, బుద్ధిగా పడుకుంటున్నాడన్నారు. ప్రకాశం ఆటో వీధిలోనే వదిలేసి పరిగెత్తుకొచ్చాడు. అందరం ఒకళ్ళ చేతులొకళ్ళం పట్టుకుని ఏడ్చాం. "ఆపరేసను గీపరేసను ఏటీ అక్కర్లేదు" అంది వదిన. ఆవిడ భర్త పోయాక ఆవిడ ముఖంలో నవ్వు చూడ్డం నాకదే మొదలు.

మర్నాడు గుడిలో ఆరాధన మధ్యలో పాస్టరుగారు, సాక్ష్యం చెప్పేవాళ్ళు ఎవరైనా ఉన్నారా అని అడిగారు. మా సంఘంలో దేవుడు చేసిన మేలు లేచి నిలబడి అందరి ముందూ చెప్పుకోవడం అలవాటు. నేను లేచాను. నేను లేవగానే వెనక బెంచీల్లో కుర్రాళ్ళు నవ్వడం మొదలెట్టారు. మా మనవడి తలలో నీరు తగ్గింది, నా చేత్తో తడిమి చూశాను అన్నాను. అంతే అని కూర్చున్నాను. నవ్వులు ఆగిపోయాయి. ముసలమ్మలు కళ్ళు తుడుచుకున్నారు, చప్పట్లు కొట్టారు. నా జన్మలో ఒక్క ముక్క కలపకుండా చెప్పిన మాట అదే. అదే పచ్చి అబద్ధమని మధ్యాహ్నానికల్లా తెలిసింది.

గుడినుంచి వచ్చి వాణ్ణి ఎత్తుకుంటే తల వెనక్కి వాలిపోయింది. పెదాలు ఎండి పగిలి ఉన్నాయి. మొలకి కట్టిన గుడ్డ పొద్దున వేసింది వేసినట్టే పొడిగా ఉంది. గిల్లాను. ఏడవడానికి నోరు తెరిచాడు గానీ గొంతులోంచి శబ్దం రాలేదు. కంటిలోంచి చుక్క కూడా రాలేదు.

అదే ఆదివారం, టెక్కలి

ప్రకాశం ఆటో ఎలా నడిపాడో వాడికే తెలీదు. టెక్కలి ఆసుపత్రిలో కాన్పప్పుడు చూసిన ఆ డాక్టరే ఉన్నారు. పాలు ఎలా పడుతున్నారని అడిగారు. దానమ్మ వదిన ముందుకొచ్చి, ఎంత పోసిందో ఎంత ఆపిందో పూసగుచ్చినట్టు చెప్పింది. ఆవిడ గొంతులో భయం లేదు. బాగా చదివొచ్చిన పాఠం అప్పజెబుతున్నట్టు చెప్పింది.

"ఎవరు ఆపమన్నారమ్మా?" అన్నారాయన.

"ఎవులూ సెప్పనేదు బాబూ. నీరు పట్టినోల్లకి నీరు ఆపాల గదా. మాది ఉద్దానం."

ఆ చివరిమాట వినేసరికి ఆయన ముఖంలో కోపం ఆగిపోయింది. వాడి చేతికి సూది కోసం నరం వెతుకుతూనే, మెల్లగా చెప్పారు.

"అది కిడ్నీ జబ్బుకి తల్లీ. వీడి తలలో నీరు తాగితే చేరింది కాదు. ఆ నీరు అందరి తలల్లోనూ ఊరుతుంది, దారి వెంట కిందకి పోతుంది. వీడు ఆ దారి మూసుకుపోయే పుట్టాడు. మీరు ఎండగట్టింది తలని కాదు, ఒంటిని. ఒళ్ళు ఎండిపోతే మాడు దిగుతుంది. దిగిన మాడు బాగుపడ్డ గుర్తు కాదు, ప్రమాదం."

"సంపేసినావే అమ్మా! నాన్నకి సేసినట్టే సేసి సంపేసినావే!" అని ప్రకాశం వరండా దద్దరిల్లేలా అరిచాడు. నేను వాణ్ణి ఆపలేదు. వాడితో కలిసి అరవనూ లేదు. పొద్దున చప్పట్లు కొట్టించుకున్నదాన్ని, నాకు నోరెక్కడిది?

మే

టెక్కలిలో సెలైను పెట్టి, ప్రాణం నిలబెట్టి, అంబులెన్సులో విశాఖ పంపారు. అక్కడ గాజు తలుపుల వెనక పెట్టారు. రోజుకోసారి ఒక్కరినే లోపలికి రానిస్తారు. ఎస్తేరు నడవలేని స్థితి కాబట్టి నన్ను పొమ్మన్నారు. తలుపు దగ్గర సెక్యూరిటీ నా చేతులు చూసి ఆపేశాడు.

"కడుక్కుని రామ్మా."

"కడిగినాను బాబూ. ఇది జీడి మరక. చర్మం ఊడితేగానీ పోదు."

నమ్మలేదు. మళ్ళీ కడిగొచ్చాను. మళ్ళీ ఆపాడు. లోపలినుంచి ఒక నర్సమ్మ వచ్చి నా వేళ్ళు పట్టుకుని చూసింది. "మాది పలాసే పిన్నీ. మా అమ్మ చేతులూ ఇలాగే ఉంటాయి" అని తనే రెండు చేతులకీ గ్లవ్వులు తొడిగింది. ఆ అమ్మాయి పేరు అడగలేదు. అడగాల్సింది.

లోపల సామేలు ఒంటినిండా గొట్టాలు. వాడి ముడుచుకున్న గుప్పిట్లో నా గ్లవ్వు వేలు పెట్టాను. పట్టుకోలేదు.

బయట దానమ్మ వదిన మెట్ల మీద కూర్చుంది. మంచినీళ్ళు ముట్టలేదు. "ఆడు తాగేదాకా నాను తాగను" అంది. ఎండకి కళ్ళు లోపలికి పోయాయి, నాలుక పిడచ కట్టింది. కొడుకు మాట్లాడడు, కోడలు ముఖం చూడదు. నేను తిట్టాను, బతిమాలాను. మూడోరోజు ఆవిడ కూర్చున్నచోటే పక్కకి ఒరిగిపోతుంటే, లోపలినుంచి వస్తూనే చెప్పాను.

"వదినా, తాగినాడట! నర్సమ్మ పాలు పడితే గిన్నె మొత్తం తాగి, ఇంకా కావాలని దాని కొంగు పట్టుకుని లాగినాడట. ఆ పిల్లకి జాకెట్టు పిన్ను ఊడిపోయిందట!"

"నిజంగానా?"

"నా మీద ఒట్టు."

నీళ్ళ సీసా ఆవిడ నోటికి పెట్టాను. గటగట తాగింది. సామేలు తాగలేదు. ఆ సమయానికి వాడికి కళ్ళు కూడా తెరుచుకోవడం లేదు. నర్సులు చీర కట్టరనీ, కొంగే ఉండదనీ వదినకి తట్టలేదు. లేకపోతే తట్టినా తాగిందేమో.

ఒళ్ళు తేరుకుని నెమ్ము తగ్గాక గొట్టం వేశారు. ఆపరేషను జరిగినంతసేపూ నేను ప్రార్థన చేశానని చెప్పుకోవడం బాగుంటుంది గానీ చేయలేదు. గోడమీద పెయింటు పెచ్చు ఊడినచోట ఒంటె ఆకారంలో ఉంటే దాన్నే చూస్తూ కూర్చున్నాను. సర్జన్‌గారు బయటికొచ్చి, "గొట్టం పనిచేస్తోంది" అన్నారు. బతుకుతాడా అని ఎస్తేరు అడిగింది. "చూద్దాం" అన్నారు.

జూలై

సామేలు తేరుకుని ఇంటికొచ్చాక, ఈ జబ్బు ఎందుకొచ్చిందో తెలుసుకోవాలని, తలనీ బొటనవేళ్ళనీ కలిపి చూస్తే తమకో అనుమానం ఉందని విశాఖలోనే వేరే డాక్టరమ్మ దగ్గరికి పంపారు. చిన్నపిల్ల, మా ఎస్తేరు కన్నా నాలుగేళ్ళు పెద్దదేమో. వంశం గురించి అడుగుతూ కాగితం మీద గుండ్రాలు, చతురస్రాలు గీస్తోంది.

"మీవైపు మగపిల్లలు చిన్నప్పుడే పోయారా అమ్మా?"

"పోయారమ్మా. నాకు ఇద్దరు తమ్ముళ్ళు పుట్టి పోయారు. ఇద్దరికీ తలలు పెద్దవే."

ఎస్తేరు నావైపు తిరిగి పళ్ళ మధ్యన అంది. "అమ్మా, ఇక్కడ కూడానా? డాక్టరుగారి దగ్గర కతలు సెప్పకు."

ఎందుకంటే ఆ తమ్ముళ్ళ మాట నేనెప్పుడూ ఇంట్లో ఎత్తలేదు. నాకు తెలిసిన కథలన్నిటిలోకీ నవ్వించనిది అదొక్కటే. డాక్టరమ్మ కలం ఆపి నన్నూ నా కూతుర్నీ మార్చి మార్చి చూసింది. ఏం చేయను? కోటబొమ్మాళిలో కూరగాయలమ్మే మా పెద్దమ్మకి ఫోను చేసి, స్పీకరు పెట్టాను.

"పెద్దమ్మా, మా అమ్మకి పుట్టిపోయిన మగపిల్లలు ఉన్నారా లేరా? ఇక్కడ డాక్టరుగారికి సెప్పు."

సంత గోలలోంచి పెద్దమ్మ గొంతు వచ్చింది. "ఉన్నారు గదే! ఏటిప్పుడు?"

"ఇద్దరని సెప్పినాను, నమ్మట్లేదు."

"ఇద్దరేటే? ముగ్గురు! నువ్వు పుట్టకముందొకడు. ముగ్గురివీ తాటికాయంతేసి తలలే. మీ నాయనమ్మ మీ అమ్మని రాక్షసి కడుపని తిట్టి, కుండ వేరు సేయించినాది. ఒలే, వంకాయలు కెలక్కు, కొంటే కొను!"

జీవితంలో మొదటిసారి నేను ఉన్నదానికన్నా తక్కువ చెప్పాను.

డాక్టరమ్మ కుర్చీ దగ్గరికి జరుపుకుని, మాకు అర్థమయ్యేలా చెప్పడానికి చాలా తంటాలు పడింది. పిండంలో మెదడు తయారయ్యేటప్పుడు ప్రతి నరకణం నుంచి ఒక దారం మొలిచి, చాలా దూరంలో ఉన్న తన చోటు వెతుక్కుంటూ పోతుందట. కొన్ని మెదడు ఇటునుంచి అటు దాటాలి, కొన్ని వెన్నులోకి దిగి కాళ్ళదాకా సంగతి చేరవేయాలి. ఆ దారం ఒంటరిగా పోలేదు. పక్కనున్న దారాల్నీ కణాల్నీ పట్టుకుంటూ పోవాలి. ఆ పట్టు కోసం దాని ఒంటిమీద అతుక్కునే అణువులు ఉంటాయి.

"జిగురు లాంటిదా అమ్మా?" అన్నాను.

ఆ పిల్ల ఆలోచించింది. "జిగురంటే అతుక్కుని అక్కడే ఉండిపోతుంది కదా. ఇది అలా కాదు. మీ ఇంట్లో ఆనపపాదు ఉందా?"

"ఉంది."

"దాని నులితీగ చూడండి. కొస గాల్లో తడుముతుంది, పుల్ల దొరికితే చుట్టుకుంటుంది, ఆ పట్టు మీద తీగ ముందుకి పోతుంది. వీడికి ఆ నులితీగలు సరిగ్గా తయారు కాలేదు. అందుకే కొన్ని దారాలు చేరాల్సినచోటికి చేరలేదు. కాళ్ళు బిగుసుకోవడం, వేళ్ళు ముడుచుకోవడం అందుకే. నీటి దారి ఎందుకు మూసుకుపోతుందో మాత్రం మాకూ పూర్తిగా తెలీదు."

ఆ అణువుని తయారుచేసే జన్యువులు ఆడవాళ్ళ దగ్గర రెండు ఉంటాయట. ఒకటి పాడైనా రెండోది కాస్తుంది. మగపిల్లాడికి తల్లి ఇచ్చిన ఒక్కటే దిక్కు. పరీక్షలకి మా రక్తాలు తీసుకున్నారు. కొన్ని వారాల తర్వాత ఫోను వచ్చింది. ఆ పాడైన జన్యువు ఎస్తేరులో ఉంది. నాలో ఉంది. మా అమ్మలో ఉండి ఉండాలి.

ఆ వారం నేను కార్ఖానాకి పోలేదు. ఆనపపాదు కింద కూర్చుని నులితీగల్ని చూస్తూ ఉండేదాన్ని. ఒక్కొక్కటీ గాల్లో గుడ్డిగా తడుముకుని, తాడు దొరగ్గానే చుట్టలు చుట్టుకుని బిగుస్తోంది. అంత సులువైన పని. పురుగు కొట్టిన తీగకి కూడా వచ్చే పని. నా కడుపులోంచి, నా బిడ్డ కడుపులోంచి దాటి వచ్చిన వాడికి మాత్రం అదివ్వలేకపోయాం. పందిరి గుంజ పట్టుకుని ఊపేశాను, పాదంతా పీకేద్దామనుకున్నాను. మా అమ్మని తిట్టినట్టే అందరూ ఇప్పుడు నన్ను తిట్టబోతున్నారని, తిట్టినా న్యాయమేనని అనిపించింది. బావి దగ్గరికి రెండుసార్లు పోయి వచ్చాను. ఇంతకన్నా రాయలేను.

దానమ్మ వదినకి ఎలా చెప్పాలో తెలియలేదు. ఆవిడ మా ఇంట్లోనే ఉంది. పెరట్లో అంట్లు తోముతోంది, ఉగ్గుగిన్నె మాత్రం ముట్టదు. వెళ్ళి చెప్పేశాను. "ఈ జబ్బు మావైపుదే వదినా. నా నుంచే వచ్చింది. మీ వంశంలో ఏటీ నేదు. మీరు ఏమన్నా పడతాను."

ఆవిడ తోముతున్న గిన్నె దించలేదు. తోముతూనే అంది.

"నాను ఎండగట్టినాను. నువ్వు అంటగట్టినావు. సరికి సరి. ముద్ద తిన్నావా?"

"నేదు."

"తిను. గుంటడు లెగిత్తే ఎవులో ఒకరు ఎత్తాల గదా."

అక్టోబరు

గొట్టం వేశాక అయిపోయిందనుకుంటాం. అది పూడిపోవచ్చు అని ముందే చెప్పారు. ఏడ్చి గోల చేస్తే ఆకలనుకోండి, కారణం లేకుండా మత్తుగా నిద్రపోతుంటే, పదేపదే వాంతులైతే, చూపు కిందకి దిగిపోతే ఒక్క పూట కూడా ఆగకండి అన్నారు. ఈసారి ఆ మాటలన్నీ విన్నాం. దానమ్మ వదిన అయితే నిద్రలో కూడా పలవరించేది.

ముసురు పట్టిన ఒక ఉదయం సామేలు పాలు కక్కేశాడు. అజీర్తి అన్నాను. మళ్ళీ కక్కాడు. తర్వాత హాయిగా పడుకున్నాడు. వాన చప్పుడుకి పిల్లలు పడుకుంటారు కదా అంది ఎస్తేరు. దానమ్మ వదిన వాడి చెవి పిండింది. కదలలేదు. పాదం మీద చరిచింది. కళ్ళు సగం తెరిచాడు, నల్లగుడ్లు కింది రెప్పలోకి అస్తమిస్తున్నట్టున్నాయి.

"బండి తియ్యిరా" అంది కొడుకుతో. ఏప్రిల్ నుంచీ వాళ్ళిద్దరి మధ్యా మాటల్లేవు.

"అమ్మా, ఓన గట్టిగా పడతంది, కొంచెం తగ్గాక..."

"తియ్యిరా నా కొడకా! తగ్గాక ఏటి తీత్తావు, పాడెనా?"

వాడు తీశాడు. పలాసలో రైలు దొరకలేదు. వానలో ఒక కారు మాట్లాడుకుని విశాఖ పోయాం. దారంతా వదిన వాడి అరికాలు గిల్లుతూనే ఉంది. గిల్లినప్పుడల్లా వాడు చిన్నగా మూలిగేవాడు. ఆ మూలుగు పల్చబడుతూ వచ్చింది. సగం దూరం పోయాక గిల్లినా పలకలేదు. "కత సెప్పు వదినా, ఏదో ఒకటి సెప్పు, ఇంటాడు" అని నన్ను అడిగింది. నేను మొదలెట్టాను. ఏం చెప్పానో గుర్తులేదు. కొబ్బరిచెట్టో, యోనానో, అన్నీ కలిసిపోయి గొంతు పోయేదాకా చెప్పాను. ఎస్తేరు రెండు చేతులతో చెవులు మూసుకుని కూర్చుంది.

పూడిపోయిన గొట్టం తీసి కొత్తది వేశారు. ఇంకాస్త ఆలస్యమైతే దక్కేవాడు కాదన్నారు. తెల్లారి గాజు తలుపు తీసుకుని నర్సు బయటికొచ్చి, "ఈ ఏడుస్తున్న బాబు ఎవరి తాలూకా? ఆకలికి వార్డు ఎగిరిపోతోంది, పాలివ్వండి" అంది. మేం నలుగురం ఒక్కసారే లేచాం. ప్రకాశం వాళ్ళమ్మ భుజం పట్టుకుని ముందుకి తోశాడు.

ఇప్పుడు

సామేలుకి ఏడాది దాటింది. నడుస్తాడని ఎవరూ మాటివ్వలేదు. కాళ్ళు బిగుసుకునే ఉన్నాయి, రోజూ నూనె రాసి వంచుతాం. బొటనవేళ్ళకి చిన్న పట్టీలు కట్టారు. దిండ్లు ఆన్చితే కూర్చుంటాడు. మాటలు రాలేదు, ఎప్పుడొస్తాయో తెలీదు. గొట్టం మళ్ళీ ఎప్పుడైనా పూడొచ్చు. ఈ భయానికి మందు లేదు, అలవాటు పడ్డమూ లేదు.

బిడ్డ తలలో నీరు చేరిందని ఎవరైనా చెబితే నా మాట ఈ ఒక్కసారికి పూర్తిగా నమ్మండి. అది తాగే నీరు కాదు. కిడ్నీ జబ్బుకి అందరూ అనుమానించే మన ఉద్దానం నీళ్ళు చేసిందీ కాదు. పాలు ఆపకండి, తల్లికి నీళ్ళు ఆపకండి. మాడు ఉబ్బినా భయపడండి, దిగినా భయపడండి, వెంటనే పరిగెత్తండి. ఇంట్లో మగపిల్లలు అలా పోయి ఉంటే దాచకుండా డాక్టరుకి చెప్పండి.

నిన్న మధ్యాహ్నం సామేలు ఉయ్యాల్లో మామూలుకన్నా ఎక్కువసేపు నిద్రపోయాడు. ఎస్తేరు ఓసారి వెళ్ళి చూసింది. నేను చూశాను. ముగ్గురం ఒకళ్ళ ముఖాలొకళ్ళం చూసుకున్నాం. దానమ్మ వదిన లేచి వెళ్ళి వాడి అరికాలు గట్టిగా గిల్లింది. వాడు ఉలిక్కిపడి లేచి, నిద్ర చెడగొట్టినందుకు ముఖం ఎర్రగా చేసుకుని, వీధి చివరిదాకా వినబడేలా గుక్కపట్టాడు.

గోడ అవతలనుంచి పక్కింటావిడ కేకేసింది. "తొంగున్న గుంటణ్ణి రోజూ లేపి ఏడిపిత్తారేటే? మీరు మనుసులా, రాచ్చసులా?"

వదిన ఉయ్యాల పక్కన కూలబడి, గుండె మీద చెయ్యి వేసుకుని నావైపు చూసింది.

"ఏడుత్తన్నాడు వదినా" అంది. "బాగా ఏడుత్తన్నాడు."